కొంగు నేయని చీర

"మా ఊర్ల సాలోళ్ళు ఎన్నడు లేరక్కా. మీరు వేరే ఊరనుకుంటున్నరు గావచ్చు."

తూంకుంట దాటి, శామీర్‌పేట చెరువు రాకముందే కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో, ఒక పెద్ద ఇంటి వాకిట్లో ఈ మాట విన్నాను. అన్నది ఆ ఇంటాయన. ఊళ్ళో ఆయన్ని ఇప్పటికీ పటేల్ అనే అంటారు. పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి. ఆయన వెంచర్లు వేస్తాడు, వార్డు రాజకీయం చేస్తాడు, పిలుపు మాత్రం మారలేదు. ఆయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు. నేను ఎండలో నిలబడి ఉన్నాను. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకోవాలా అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఎండలో నిలబడింది వాళ్ళు కాదు.

సాలోళ్ళంటే నేతపనివాళ్ళు. మేము సాలోళ్ళం. మా నాయన ఆ ఊళ్ళోనే పుట్టాడు. ఆయన్ని చంకనేసుకుని మా అవ్వ, అంటే నాయన తల్లి, పొలాల గట్ల మీదుగా మేడ్చల్ స్టేషన్ దాకా నడిచింది. ముందు మా తాత నడిచాడు. మన్మాడ్‌లో రైలు మారి, దారి అడుక్కుంటూ బొంబాయి పక్కన భివండీ చేరారు. నేను పుట్టిందీ చదివిందీ పెళ్ళాడిందీ అక్కడే.

భివండీలో మమ్మల్ని కామాఠీలనేవాళ్ళు, అంటే తెలుగు దేశం నుంచి వచ్చిన కూలీలని. రేషన్ షాపులో క్యూ కట్టినా, మునిసిపాలిటీ బడిలో పేరు రాయించినా ఆ మాట ముందు వచ్చేది, మా పేరు తర్వాత. మీ ఊరు మీరు పోండి అనేవాళ్ళు. పవర్‌లూమ్ కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాక నిజంగానే వచ్చేశాం. మా ఆయనకు జీడిమెట్లలో సంచుల కంపెనీలో పని దొరికింది. గాజులరామారంలో అద్దెకు దిగాం. ఆయన పోయాక అదే కంపెనీలో కుట్టు మిషన్ల దగ్గర నేను సూపర్‌వైజర్‌గా చేరాను, భివండీ నుంచి అమ్మను తెచ్చుకున్నాను. మా ఇంటి ఓనరమ్మ మొదటి రోజే అడిగింది, మీరు మరాఠీవాళ్ళా అని. మేము మాట్లాడుతున్నది తెలుగే. ఇన్నేళ్ళయినా మా గల్లీలో నేను బొంబాయామెనే.

నా నవల ఈ రెండు పిలుపుల మధ్య పుట్టింది. అవ్వ వాళ్ళు ఊరు విడిచిన కాలం గురించి, వెట్టి గురించి, రైలు గురించి, పోయిన చోట పేరు మారిపోయిన మనుషుల గురించి రాశాను. సెలవు రోజుల్లో రాశాను, కంపెనీ బస్సులో రాశాను. నగరంలో ఒక సభలో రాతప్రతి చదివినప్పుడు ఒక విమర్శకుడు, మీ తెలుగు కాస్త ఎవరితోనైనా సరిచేయించుకోండమ్మా అన్నాడు. ఆయన తప్పు పట్టిన మాటలన్నీ మా అవ్వవి. ఈ మట్టి నుంచి ఆమె పట్టుకుపోయినవి. ఆయన మెడలో ఆ రోజు ఆకుపచ్చ మఫ్లర్ ఉంది. ఎండాకాలంలో.

అవ్వ మాటలతో పాటు ఒక వస్తువు కూడా పట్టుకుపోయింది. మగ్గం పన్నె. సన్నని వెదురు పుల్లలతో కట్టిన పొడవాటి దువ్వెన లాంటిది. మగ్గం మీద నిలువు పోగులన్నీ, అంటే పడుగంతా, దాని పళ్ళ సందుల్లోంచే పోవాలి. బట్ట నేయడం అయిపోయాక కోసి తీసేటప్పుడు నేతగాడు పోగుల్ని మొత్తం లాగేయడు. జానెడో మూరెడో పన్నెలోనే వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతాడు. అలా పాతదాన్ని పట్టుకునే కొత్తది లోపలికి వస్తుంది. అందుకే మావాళ్ళు ఊరు మారినా పన్నెను ఖాళీ చేయరు. మా అవ్వ తెచ్చిన పన్నెలో పోగులు అలాగే ఉన్నాయి. నడుమంతా ఎరుపు, రెండు అంచుల్లో పచ్చ. జారిపోకుండా రెండు వైపులా ఆమె వేసిన ముడులు. వాటికి ఆమె కొత్త పడుగు ఎప్పుడూ అతకలేదు. భివండీలో మగ్గం పెట్టాక తాత వేరే పన్నె కొనుక్కున్నాడు. ఇది గుడ్డలో చుట్టి అటక మీద ఉండేది. అవ్వ పోయాక అమ్మ చేతికి వచ్చింది.

ఆ పోగులది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. పటేల్ తాతల కాలంలో ఆ ఇంటి నుంచి నూలు వచ్చేది, బట్ట నేసి ఇవ్వాలి. బదులుగా జొన్నలు ఇవ్వాలి. ఇవ్వలేదు. రెండు చీరలు నేశాక కూడా గింజ రాలేదు. తాత పోయి అడిగితే, లగ్గం చీర నేసినంక చూద్దామన్నారు. ఆ ఇంటికి రాబోయే కోడలికి ఎర్రచీర, పచ్చ అంచు. అది మగ్గం మీద ఉండగానే అవ్వ మొదటి బిడ్డ, మా నాయన కంటే పెద్దది, జ్వరమో ఆకలో రెండూనో, పోయింది. పూడ్చి వచ్చిన మర్నాడే ఆ ఇంటి మనిషి వచ్చి నిలబడ్డాడు, లగ్గం దగ్గరికొచ్చింది, మగ్గం ఎక్కమని. తాత ఎక్కాడు. చీర ఒళ్ళంతా నేశాడు. మావాళ్ళు కొంగు చివర్న నేస్తారు. కొంగు దగ్గరికి వచ్చేసరికి అవ్వ కత్తి తీసుకుని తానే కోసింది. కోసిన చీరను మడతపెట్టి మగ్గం మీదే పెట్టి, పన్నెతో బయలుదేరింది. కొంగు నా దగ్గర్నే ఉన్నదని చెప్పేది అవ్వ, చచ్చేదాకా. ఆ బిడ్డ గురించి మాత్రం అంతకు మించి ఒక్క మాట చెప్పేది కాదు.

ఆ ఇంటికి రెండోసారి పోయినప్పుడు పటేల్ లేడు. వరండాలో మంచం మీద ఆయన తల్లి కూర్చుని ఉంది. ఇంట్లో పనివాళ్ళు ఆమెను పటేలమ్మ అంటారు. నన్ను పింఛన్ల సర్వే చేసే మనిషి అనుకుంది. టీ తెప్పించింది. ఆమెకు స్టీలు గ్లాసులో, నాకు కాగితం కప్పులో. పాత రోజుల గురించి పుస్తకం రాస్తున్నానని చెప్పి, ఊళ్ళో సాలోళ్ళు ఉండేవాళ్ళా అని అడిగాను.

"ఎందుకు లేకుండిరి? ఒకటే ఇల్లు. గా నీళ్ళ ట్యాంకు ఉన్న కాడ. దొంగముఖాలు."

"ఏం దొంగతనం చేసిండ్రు?"

"మా అత్త లగ్గం చీర కొంగు ఎత్కపోయిండ్రు."

"కొంగెట్ల ఎత్కపోతరమ్మా?"

"నెయ్యకుంట పోతే ఎత్కపోయినట్టు గాదా? నూలు మాదేనాయె. లగ్గంల మా అత్త వేరే చీర కట్టుకొని కూసున్నదట. కొంగు లేని పెండ్లిపిల్ల అని సుట్టాలు నవ్విండ్రట. బతికినన్ని దినాలు తిట్టింది. పండుగపూట గూడ పెట్టె తెరిసి చీర ఇప్పి మరీ తిట్టేది."

చీర ఇప్పుడెక్కడుందని అడిగాను. గొంతు మామూలుగానే పెట్టాను.

"యాడికి పోతది? పెట్టెల ఉన్నది. ఇయ్యాల మంగళారం, పెట్టె తెరువ."

నేనెవరో చెప్పలేదు. చెబితే అక్కడే తిట్టేది, కథ వరండాలోనే అయిపోయేది. నాకు కావాల్సింది అది కాదు. నలుగురూ చూస్తుండగా ఆ చీర, ఈ పన్నె పక్కపక్కన పెట్టాలి. ఎరుపు పక్కన ఎరుపు, అంచు పక్కన అంచు. వీళ్ళు మా ఊరోళ్ళే, వీళ్ళకు అన్యాయం జరిగింది అని ఆ ఇంటివాళ్ళు నోటితో అనాలి. కామాఠీ అన్నవాళ్ళకు, బొంబాయామె అన్నవాళ్ళకు అదొక్కటే నా జవాబు. నవల అంతా నేను చెప్పింది. అది మాత్రం వాళ్ళు చెప్పాల్సింది.

పుస్తకం వచ్చాక ఒక పత్రికలో నాలుగు లైన్లు పడ్డాయి. మర్నాడే పటేల్ ఫోన్ చేశాడు.

"అక్కా, మన ఊరి మీద బుక్కు రాసినవంట గదా. మాకు చెప్పనే లేదు."

"చెప్పిన. మీ వాకిట్ల నిలబడి చెప్పిన."

"అవునా? నాకు యాదికి లేదక్కా. రోజు మస్తుమంది వస్తరు. సరే గానీ, మన ఫంక్షన్ హాల్ల రిలీజ్ పెడదాం. ఖర్చంతా నాది. ఏరియా హిస్టరీ అంటే మనోళ్ళకు గర్వం గదా."

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆయన పుస్తకం తెరవలేదని నాకు మొదటి నిమిషంలోనే అర్థమైంది. తెరిచి ఉంటే వాళ్ళ తాత అందులో ఏం చేశాడో తెలిసేది. నాకదే మంచిదనిపించింది. ఒకటే అడిగాను. మీ అమ్మగారు సభకు రావాలి, ఆమె పెట్టెలో ఉన్న పాత ఎర్రచీర తేవాలి.

"గంతేనా? తెప్పిస్త. మీ దగ్గర గూడ పాత సామాన్లు ఏమన్న ఉంటే ఇయ్యండి, స్టేజి మీద పెడదాం. మా ఫామ్‌హౌజ్‌ల సూసిండ్రా, ఎంత కలెక్షన్ ఉన్నదో."

చూశాను. శామీర్‌పేట వైపు పోయే బస్సులోంచే కనబడుతుంది. గేటుకు రెండు పక్కలా బండి చక్రాలు, లాన్‌లో నాగలి, విసుర్రాయి, బావి నీళ్ళు తోడే కవిలె మోట. అన్నీ వార్నిష్ కొట్టి నిగనిగలాడుతుంటాయి. దున్నడం మానేశాక నాగలిని అంత ముద్దుగా చూసుకుంటున్నారు.

సభకు ముందు రోజు పటేల్ డ్రైవర్ పన్నె కోసం వచ్చాడు. స్టేజి సర్దాలట.

"ఇయ్యకు బిడ్డా," అంది అమ్మ. "రేపు నీ చేతుల నువ్వే తీస్కపో."

"స్టేజి మీద పెట్టేందుకే గదా అమ్మా."

"ఆ ఇంట్లకు ఇంక మనయేమీ పోగూడదని మా అత్త ఒట్టు పెట్టిచ్చింది."

"ఇంట్లకు కాదు, హాల్లకు," అన్నాడు డ్రైవర్. వాళ్ళ మాట వాళ్ళు నిలబెట్టుకుంటారని నేను నమ్మాను. పన్నె హాలుకు పోలేదు, ముందు వాళ్ళింటికే పోయింది. దాన్ని మాట తప్పడమని నేను ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటాను.

మర్నాడు ఆదివారం పొద్దున సుచిత్ర చౌరస్తా దగ్గర బస్సు మారి, అల్వాల్ మీదుగా తూంకుంట చేరాను. అమ్మకు అంత దూరం కూర్చునే ఓపిక లేదు, ఇంట్లోనే ఉండిపోయింది. హాలు ముందు ఫ్లెక్సీ కట్టారు. పటేల్ దండం పెడుతున్న ఫొటో నిలువెత్తున ఉంది. ఆయన మోచేతి కింద నా ఫొటో, ఆధార్ కార్డులో ఉన్నంత. పుస్తకం అట్ట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

లోపల స్టేజి మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి, దాని మీద పన్నె పెట్టారు. బంతిపూల దండ వేశారు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. వెదురు కొత్త కుర్చీలా మెరుస్తోంది. ఘాటుగా వార్నిష్ వాసన. పళ్ళ సందుల్లోంచి వెనకాల వెల్వెట్ కనబడుతోంది.

పోగులు లేవు.

పటేలమ్మ కోడలు, అంటే పటేల్ భార్య, నవ్వుతూ వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, ఆ ఇంట్లో నన్ను వదినె అని పిలిచింది ఆమె ఒక్కతే.

"మంచిగున్నదా వదినె? మొత్తం బూజు పట్టి ఉండె. కుంకుడుకాయ రసంల నానబెట్టి బ్రష్షుతోని కడిగిన. దసరాకు నాగలికి చేసినట్టె చేసినం."

"దీనికి దారాలుండె."

"పాతయి, మురికివి, గవేనా? తీసేసినం వదినె. పసుపు కుంకుమ పెట్టే వస్తువుకు గట్ల మురికి ఉంచుతమా?"

"యాడ పడేసిండ్రు?"

"వరండాల కూసుండి తీసినం. అత్తమ్మ గూడ సాయం పట్టింది. తర్వాత ఊడ్చిండ్రు గావచ్చు. చెత్తబండి పొద్దుగాలనే వచ్చి పోయింది." నా ముఖం చూసి ఆమె నవ్వు ఆగింది. "ఏమైంది వదినె? గవి గావాల్నా?"

ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి నేను ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. కుదరదు. గౌరవంగానే చేసింది. వాళ్ళకు తెలిసిన గౌరవం అదే.

పటేలమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులన్నారు. చీర ఏదని అడిగితే పటేల్ పక్కకు తిరిగి వేరేవాళ్ళకు నమస్కారం పెడుతూ జవాబిచ్చాడు. "అమ్మ ఇయ్యలేదక్కా. ముసలోళ్ళ సంగతి దెల్సు గదా."

మైకు నా చేతికి వచ్చేసరికి వెనక వడ్డనల గిన్నెలు చప్పుడవుతున్నాయి. అయినా చెప్పాను. మా ఇల్లు నీళ్ళ ట్యాంకు ఉన్న చోట ఉండేదని, మా నాయన ఈ ఊళ్ళో పుట్టాడని, ఈ పన్నెలో నిన్నటిదాకా ఎర్ర పోగులు, పచ్చ అంచు ఉన్నాయని, దాని మిగతా చీర ఈ ఊళ్ళోనే ఒక పెట్టెలో ఉందని. ముందు వరసలో తెల్లబట్టల మనిషి ఒకడు పక్కవాడితో అందరికీ వినబడేలా అన్నాడు. "బొంబాయి నుంచి వచ్చి పాలిష్ కట్టె సూపిస్తే ప్లాటు ఇస్తరనుకున్నదేమో." నవ్వారు. ఎక్కడో వెనక కూడా నవ్వారు, ఏమన్నాడో వినబడకుండానే.

పటేల్ మైకు తీసుకున్నాడు. ఆయన నవ్వలేదు, మర్యాదస్థుడు. "అక్క రైటర్ గదా. కథ మంచిగ చెప్తది. మా ఊర్ల సాలోళ్ళు లేకున్నా మా ఊరిని ఇంత గొప్పగ రాసినందుకు సన్మానం చేసుకుందాం." శాలువా కప్పాడు. ఫొటో కోసం ఒకసారి తీసి మళ్ళీ కప్పాడు.

అందరూ భోజనాలకు లేచారు. నేను పన్నెను దండ తీసి, చీరకొంగుతో బొట్లు తుడిచి, చంకలో పెట్టుకుని వాళ్ళింటికి నడిచాను. దారిలో నీళ్ళ ట్యాంకు కింద ఎవరిదో కారు కడుగుతున్నారు.

పటేలమ్మ అదే మంచం మీద ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.

"వస్తవనుకున్న," అంది.

"చీర ఎందుకు పంపలె?"

"మీ అవ్వ నూలు ఎందుకు పంపలె?"

చంకలో పన్నె జారితే పట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న డ్రైవర్ తెచ్చి నడిమింట్ల పెట్టినప్పుడు. ఎర్ర నూలు, పచ్చ అంచు. మా అత్త గా చీర సూపెట్టని పండుగ లేకపాయె. నేను గుర్తువట్టనా? కోడలికేం దెల్సు. కడుగుతనన్నది. కడుగు బిడ్డా, ముందుగల్ల గీ దారాలు దియ్యనియ్యి, కత్తెర తే అన్న."

"అవి మా అవ్వ వేసిన ముడులు."

"ముడి మీదే. నూలు మాది."

మంచం కింద నుంచి పెట్టెను ఆమె కాలితో ముందుకు నెట్టింది. మొలకు కట్టుకున్న తాళంచెవితో తెరిచింది. పైన ఉన్న బట్టలు తీసి పక్కన పెట్టింది. అడుగున ఎర్రచీర. మడతల దగ్గర రంగు వెలిసి, లోపల ఇంకా ముదురుగానే ఉంది. ఒక చివర కత్తి వాటు వంకరగా పోయింది. ఆ చివరకు ఆనించి నా పోగులు పెట్టి ఉన్నాయి, కట్టలా, రెండు పక్కలా పచ్చవి విడిగా తీసి. ఎరుపు పక్కన ఎరుపు, అంచు పక్కన అంచు. ఎలా పెట్టాలని నేను అన్నాళ్ళు అనుకున్నానో అలాగే పెట్టింది. చూసినవాళ్ళం ఇద్దరమే.

సంచిలోంచి ఫోన్ తీశాను. ఆమె పెట్టె మూత వేసింది.

"ఫొటోలు లేవు."

"నీ కొడుకు నలుగుర్ల నిలబడి మా ఊర్ల సాలోళ్ళే లేరన్నడు. నువ్వొచ్చి ఉన్నరని చెప్పు. గంతే."

"ఉండిరి. నువ్వు వాళ్ళ బిడ్డవే. కాదని నేనంటున్ననా?"

"గదే అక్కడికొచ్చి చెప్పు."

"దొంగలకు సాక్ష్యం నేనెందుకు చెప్త?"

అప్పుడు చెప్పాను. రెండు చీరలకు గింజ పెట్టని సంగతి, జొన్నలు అడిగిన సంగతి, పిల్ల పోయిన సంగతి, పూడ్చి వచ్చిన మర్నాడు వాకిట్లో నిలబడ్డ మనిషి సంగతి. నవలలో ఇరవై పేజీలు పట్టింది. నోటితో చెబితే ఎంతోసేపు పట్టలేదు. ఆమె తాళంచెవిని మొలలో దోపుకుంటూ విన్నది. కళ్ళు నా మీద లేవు, పెట్టె మీద ఉన్నాయి.

"గిది మా అత్తకు ఎవ్వరు చెప్పలె," అంది చివరికి. తర్వాత అడిగింది. "పిల్ల పేరేంది?"

అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. పేరు లేకుండా ఆ పిల్లను పుస్తకంలో చంపడం చేతకాక నేనే ఒక పేరు పెట్టాను. బాగుందని చాలామంది అన్నారు. ఆ పేరు నాలుక చివరకు వచ్చింది. పటేలమ్మకు చదువు రాదు, పుస్తకం ఆమె చూసి ఉండదు, నేను ఏది చెబితే అదే పేరు. చెప్పలేకపోయాను.

"పేరు గూడ దెల్వది," అంది ఆమె. వెక్కిరింపుగా కాదు. అదే బాధ. "ఊరు మాదంటవు."

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది. పన్నెను ఆమె ముందు పెట్టాను. చేత్తో ఒక చివర నుంచి మరో చివర దాకా తడిమింది. భివండీలో జీవితమంతా నూలు కండెలు చుట్టిన వేళ్ళు అవి.

"దీనికింక అతుకు పడదు," అంది. "కొత్తగ ఒక్కో పోగు దూర్చుకుంట రావాలె, మొదటి నుంచి."

జరిగింది చెప్పాను. హాల్లో అన్నదీ, వరండాలో అన్నదీ.

"ఒప్పుకున్నది గద," అంది అమ్మ.

"నలుగుర్ల ఒప్పుకోలె."

"గా నలుగురు మనకేమైతరే?"

నాకు కావాలి, అంతే. బిడ్డ పేరు తెలుసా అని అడిగాను. అమ్మ వేళ్ళు బియ్యంలో ఆగాయి. "మా అత్త చెప్పలె. ఒక్కసారి అడిగిన. రెండు దినాలు నాతోని మాట్లాడలె. ఇగ అడగలె." భివండీలో మిగిలిన మా వాడకట్టు ముసలివాళ్ళకు ఫోన్లు చేయించాను. ఒకామె ఒక పేరు చెప్పింది. అది మా నాయన తర్వాత పుట్టి బతికిన మా మేనత్త పేరు.

శాలువాను మర్నాడే డ్రైవర్ చేతికి తిరిగి పంపాను. పటేల్ ఫోన్ చేసి, అక్కకు కోపమొచ్చినట్టున్నదని నవ్వాడు. వచ్చిందని చెప్పాను. ఆయన ఇప్పుడు వార్డులో గెలిచాడు. కరపత్రంలో ఆయన చేసిన సేవల కింద నా పుస్తకావిష్కరణ కూడా వేశారు. పన్నె మా గదిలో గోడకు ఆనించి ఉంది. వానపడ్డ రోజు ఇప్పటికీ వార్నిష్ వాసన వేస్తుంది.

సెలవు దొరికినప్పుడల్లా ఆ ఊరికి పోతూనే ఉన్నాను. మంగళవారం మాత్రం పోను. పటేలమ్మ ఇప్పుడు నాకు కుర్చీ వేయిస్తుంది. టీ కాగితం కప్పులోనే వస్తుంది. మోకాళ్ళ గురించి, కోడలు చేసే కూరల గురించి కాసేపు చెబుతుంది. తర్వాత నేను అడుగుతాను.

"చెప్తవా?"

"పేరు దొరికిందా?" అంటుంది.

తల అడ్డంగా ఊపుతాను.

"దొరికినప్పుడు రా. నలుగుర్ల చెప్త. పెట్టె గూడ నువ్వే తీస్కపో."

ఆమె ఆరోగ్యం బాగుండటం లేదు. పోయినసారి నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. నేను పెట్టిన పేరు ప్రతిసారీ నా నోట్లోనే ఉంటుంది. రెండక్షరాలు. కప్పులో టీ చల్లారేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చుని, లేచి బస్సు ఎక్కుతాను.